సందులేని వాక్యం

వీధి గుమ్మం పక్కన గోడకి కొత్తగా బిగించిన నీళ్ళ మీటరు ఆ సోమవారం పొద్దున మొరాయించింది. చీమలక్క చేతిలో చీపురు అలాగే పట్టుకుని, నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించి, మీటరు మీదున్న చిన్న తెర వైపు వంగి చూసింది. అంకెలు ఉండాల్సిన చోట ఒక వాక్యం మెల్లగా జరుగుతోంది.

"ఇక్కడ లెక్క నాకు తెగలేదు. దయచేసి నన్ను రాసినవారికి చెప్పండి."

ఆమె వెన్ను నిటారుగా అయింది. ఆ మాటలు ఆమెకి ఇంట్లోవాళ్ళ గొంతంత పరిచయం. అవి చీమ మాటలు.

చీమ ఒక ప్రోగ్రామింగ్ భాష. బియ్యపుగింజంత చిప్పుల కోసం పుట్టిన భాష. మనిషి ఆ భాషలో రాసినదాన్ని చిప్పుకి అర్థమయ్యేలా మార్చిపెట్టే కంపైలరుని ఒక కాలేజీ మాస్టారు రాసి, ఎవరైనా వాడుకోండని ఉచితంగా లోకం మీదికి వదిలారు. ఆయన పోయాక దాని ఆలనా పాలనా చూస్తున్నది ఈవిడే. బతుకుతెరువుకి లైబ్రరీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం ఉంది. చీమది మాత్రం జీతం లేని చాకిరీ. అందుకే అందరికీ చీమలక్క అయిపోయింది, అసలు పేరు ఇంట్లోవాళ్ళకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

చీమని ఎవరెలా వాడుకోవచ్చో చెప్పే మాస్టారి లైసెన్సులో ఒక షరతు ఉంది. "దీన్ని గాని, దీనితో చేసిన దేన్ని గాని, ఎవరూ, ఏ రూపంలోనూ అమ్మకూడదు." ఈ మీటర్లు చేసిన కంపెనీ వాటిని వాడవాడలా అమ్మింది. అడగలేదు. చెప్పనూ లేదు.

అడిగింది ఒక్క మనిషి. వినికిడి మిషన్లు బాగుచేసే ఒకావిడ తనే సొంతంగా ఒక మిషను తయారుచేసింది. చెవి వెనకాల పెట్టుకునేది, బజారు ధరలో పావు వంతుకి వచ్చేది. లోపలి ప్రోగ్రామంతా చీమలోనే రాసింది. ఆసుపత్రి వాళ్ళు కొంటామన్నాక లైసెన్సు తీసి చదువుకుని, "అమ్ముకోవచ్చా అండీ?" అని చీమలక్కకి రాసింది. వీల్లేదని జవాబు రాయాల్సివచ్చినప్పుడు చీమలక్క చెయ్యి ఆ మాట టైపు చెయ్యనని మొండికేసింది. లైసెన్సు మార్చాలన్న ఆలోచన ఆ రోజున పుట్టిందే. కంపైలరులో ఒక్క ముక్క రాసినవాళ్ళయినా సరే, అందరూ ఒప్పుకోవాలి. నెల రోజులుగా దేశదేశాల నుంచి ఒప్పుకోళ్ళు వస్తున్నాయి. మాస్టారి వాటాకి ఆయన కూతురి మాట ఒక్కటే మిగిలింది. ఆసుపత్రి ఈ వారాంతం దాకా ఆగుతానంది.

లైబ్రరీకి వెళ్ళాక, తలుపు వేసుకుని, చీమలక్క కంప్యూటరులో ఈ పనిలో తోడున్న ఇద్దరినీ పిలిచింది. ఒకడు సుత్తి, తనతోపాటు కంపైలరు పని చేసే కుర్రాడు. మాట మొదలుపెడితే ఆపడని ఎవరో పెట్టిన పేరు. వాడికది నచ్చి సంతకం కూడా అదే చేస్తాడు. రెండో ఆయన లాయరు, ఫీజు లేకుండా సాయం చేస్తున్నాడు.

"మీటరు ఫోటో చూశానక్కా. ఒళ్ళు మండిపోయింది," అన్నాడు సుత్తి. "కేసు వేసేద్దాం."

"వెయ్యొచ్చు. మీ మనవల కాలానికి గెలుస్తారు," అన్నాడు లాయరు. "నేను ఆ చెవిమిషన్లావిడ కోసం ఆ వాక్యంలో ఎక్కడైనా సందు ఉందేమోనని తెగ వెతికాను. ఎవరు రాశారోగాని, చీమ దూరే సందు కూడా వదల్లేదు."

నవ్వుతుండగానే మాస్టారి కూతురు ఫోను చేసింది. వెనకాల ఆసుపత్రి వార్డు చప్పుళ్ళు, ఆవిడ నర్సు.

"నాన్న రాసినదానికి నేను సరేనంటున్నానండీ, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతా. కానీ మాటలు నాన్నవి కావు కదా."

"ఏ మాటలండీ?"

"మనం తప్పు చేసినప్పుడు చీమ చెబుతుందే, ఆ మాటలు. అవి మా పైవాటా అత్తయ్యవి. పేపరాఫీసులో ప్రూఫులు చూసేది. సాయంత్రంపూట మెట్లమీద కూచుని నాన్న ఒక్కొక్కటే చదివేవారు, అత్తయ్య మార్చి చెప్పేది. మా నాన్నకి మామూలు మనుషులతోనే మాట్లాడటం రాదు, ఇంక తప్పు చేసినవాళ్ళతో ఏం మాట్లాడతారు చెప్పండి?"

"ఆవిడ పేరు ఎక్కడా లేదండీ."

"కంప్యూటరులోకి ఎక్కించింది నాన్న కదా. ఎక్కించినవాళ్ళ పేరే పడుతుందట."

కంప్యూటరులోంచి మిగతా ఇద్దరూ ఇదంతా విన్నారు. ఫోను పెట్టగానే సుత్తి అందుకున్నాడు. "మాటలే కదక్కా, కోడు కాదు. అన్నీ పీకేసి నేను తిరగరాసేస్తా. వారాంతానికి అయిపోతుంది."

"నువ్వా? నువ్వు రాస్తే ఒక్కో తప్పుకి రెండేసి పేజీలొస్తాయి," అంది చీమలక్క. తెరలో ఉన్న లాయరు వైపు చూసి, "మాటలకి కూడా హక్కు ఉంటుందా?" అని అడిగింది.

"రాసినదేదైనా రాసినవాళ్ళదే. అయితే ఒక సంగతి. మనం నలుగురం నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు."

చీమలక్క బల్లమీది కాగితాలు సర్దింది. సర్దినవాటినే మళ్ళీ సర్దింది. "ఆ మీటర్ల కంపెనీ కూడా సరిగ్గా అలాగే అనుకుని ఉంటుంది," అని, చిరునామా కోసం మాస్టారి కూతురికి మళ్ళీ ఫోను చేసింది.

ప్రూఫ్‌రీడరు ఇల్లు సైకిళ్ళ దుకాణం మీది అంతస్తులో ఉంది. మర్నాడు చీమలక్క సెలవు పెట్టి, రెండు బస్సులు మారి వెళ్ళింది. తలుపు గొలుసుమేర తెరుచుకుంది. సందులోంచి తెల్లజుట్టు, మందపాటి అద్దాల వెనక పెద్దవైన కళ్ళు.

"చందా అయితే ఇవ్వను. సర్వే అయితే చెప్పను."

"రెండూ కాదండీ. మీరు మాస్టారికి చెప్పిన మాటలు వాడుకుంటున్నాం. వాడుకోవచ్చా అని అడగడానికి వచ్చాను."

కళ్ళు ఒకటికి రెండుసార్లు రెప్పలార్చాయి. గొలుసు ఊడింది.

లోపల ఒకే గది, కిటికీ దగ్గర ఏటవాలు బల్ల. దాని మీద అప్పటికే ఎవరిదో పెళ్ళి శుభలేఖ ప్రూఫు పరిచి ఉంది. డెబ్బై దాటినా ఇరుగుపొరుగు ప్రెస్సుల పని ఇంకా చూస్తూనే ఉందావిడ. చీమలక్క చెప్పుకొచ్చింది: చీమ ఎక్కడెక్కడ వాడుతున్నారో, లైసెన్సు ఎందుకు మార్చాలనుకుంటున్నారో, నిన్నటిదాకా ఆవిడ సంగతే ఎవరికీ ఎందుకు తెలియలేదో. అంతా విన్నాక ప్రూఫ్‌రీడరు, "ఇంకా ఉన్నాయా అవి? మాస్టారితోనే పోయాయనుకున్నాను," అంది.

చీమలక్క లాప్‌టాప్ తెరిచి నాలుగు వరుసలు రాసి, కావాలని ఒక బ్రాకెట్టు మూయకుండా వదిలింది. తెర మీద వాక్యం వచ్చింది.

"మీరు ఇక్కడ తెరిచినది ఎక్కడా మూసినట్టు లేదు. మూడో వరుస చివర ఒకసారి చూడండి."

ప్రూఫ్‌రీడరు తెరకి ముక్కు తగిలేంత దగ్గరగా వంగింది. పెదవులు కదిపి చదువుకుంది. మాస్టారి నోట వినడమే తప్ప, తన మాట తప్పు చేసిన మనిషి ముందు ప్రత్యక్షమవడం ఆవిడ ఎన్నడూ చూడలేదు.

"ఇంకో తప్పు చెయ్యి," అంది.

చీమలక్క చేసింది.

"ఈ పేరు నాకు తెలియదు. కొత్తగా పెట్టారా, లేక అక్షరం జారిందా?"

"ఇంకోటి."

ఆ మధ్యాహ్నం చీమలక్క తనకి తెలిసిన తప్పులన్నీ చేసింది. ప్రూఫ్‌రీడరు ఒక్కోసారి నవ్వింది, ఒక్కోసారి తల అడ్డంగా ఊపింది. ఒకచోట ఠక్కున ఆపింది. తెర మీద, "మీ తప్పు కాకపోవచ్చు, నాదే కావచ్చు. ఈ వరుస నాకు అర్థం కాలేదు," అని ఉంది.

"దీన్ని మాస్టారు వద్దన్నారు. మిషను ఎక్కడైనా తప్పు ఒప్పుకుంటుందా అని పోట్లాడారు నాతో. ఉంచారన్నమాట."

"ఉంచారండీ," అంది చీమలక్క. "నేను చదువుకునేటప్పుడు లాబులో అందరి ప్రోగ్రాములూ నడిచేవి, నాది తప్ప. ఇది నాకు అబ్బే చదువు కాదని ఇంట్లో చెప్పేద్దామని నిర్ణయించేసుకున్నాను. ఆ పూట ఈ వాక్యమొచ్చింది నాకు. తప్పు నాదే లెండి. కానీ ఆ మాట చూశాక ఇంకొక్కసారి ప్రయత్నిద్దామనిపించింది."

ప్రూఫ్‌రీడరు లేచి స్టవ్వు దగ్గరికి వెళ్ళి, అటు తిరిగే, "టీలో చక్కెర ఎంత?" అని అడిగింది.

టీ తాగాక తన మాట చెప్పింది. "అన్నీ కాగితం మీద అచ్చుకొట్టి తీసుకురా, పెద్దక్షరాల్లో. ఒకసారి చూడకుండా దేన్నీ బయటికి వదలను. నాకది అలవాటు లేదు."

బుధవారం చీమలక్క జిరాక్సు దుకాణం తెరవకముందే వెళ్ళి నిలబడింది. కాగితాల కట్ట బల్లమీద పెట్టగానే ప్రూఫ్‌రీడరు శుభలేఖ పక్కకి జరిపి, ఇనప స్కేలు తీసి మొదటి వరుస కింద ఆనించింది. స్కేలు ఒక్కో వరుసా కిందికి దిగుతోంది. కామాలు, చుక్కలు కూడా పైకే చదువుతోంది ఆవిడ. చదివిన పేజీని బోర్లా తిప్పి, అంచులు తట్టి, ఎడమ పక్కన పెడుతోంది. తప్పు దొరికినచోట అక్షరం మీద గీటు పెట్టి, మార్జిన్లో దిద్దుబాటు రాస్తోంది.

"ఇదేమిటి, 'మీ ఫంక్షను విలువ తిరిగి ఇవ్వలేదు'? 'తిరిగి' ఎందుకు? దానికి విలువ మనమిచ్చామా, తిరిగివ్వడానికి?" అని ఆ మాట కొట్టేసింది.

"అది ఉండాలండీ. అడిగినవాళ్ళ దగ్గరికి వెనక్కి రావాలి అది. ఫంక్షనంటే ప్రోగ్రాములో మనం పని చెప్పి పంపించే ముక్క, ఏం తేలిందో వచ్చి చెప్పాలి."

"ఓహో." ఆవిడ పెన్సిలు వెనకతట్టుతో గడ్డం మీద కొట్టుకుంది. "అయితే 'జవాబు తేలేదు' అందామా?"

చీమలక్క ఆ వాక్యాన్ని లోపల చెప్పిచూసుకుంది. ఇన్నేళ్ళుగా ఎవరికీ తోచని మాట. "అందామండీ," అంది, వెంటనే లాప్‌టాప్‌లో మార్చేసింది.

కట్ట సగానికి వచ్చాక స్కేలు ఆగిపోయింది. ప్రూఫ్‌రీడరు వెనకటి పేజీ తీసి చూసి, మళ్ళీ ముందుకొచ్చింది. "ఇవి నావి కావు. నా గొంతుతో ఎవరో మాట్లాడుతున్నారు."

చీమలక్క చెవులు వేడెక్కాయి. "నేనేనండీ. మాస్టారి తర్వాత కొత్తవి కావాల్సివచ్చినప్పుడు, పాతవి చూసి చూసి రాస్తూ వచ్చాను."

ప్రూఫ్‌రీడరు ఇంకో పేజీ చదివింది. ఇంకోటి. "పరవాలేదు," అంది. "ఒకటి రెండు చోట్ల మాత్రం మరీ బతిమాలుతున్నావు. మర్యాద చాలు, బతిమాలక్కర్లేదు."

కట్ట చివర, మరిచిపోకుండా, చీమలక్క లైసెన్సు కాగితం కూడా జతచేసింది. తీసెయ్యబోయే షరతు ఏదో ఆవిడకి చూపించాలి కదా అని. స్కేలు ఆ పేజీ మీదికి వచ్చింది. ప్రూఫ్‌రీడరు పైకి చదవలేదు. స్కేలు మాత్రం అక్కడే ఉంది.

"దీన్నా తీసెయ్యాలంటున్నది?"

"అవునండీ."

"ఇది రాసింది నేను."

కింద దుకాణంలో ఎవరో సైకిలు చక్రం తిప్పుతున్నారు, చువ్వలు టకటకమంటున్నాయి.

"మా ప్రెస్సులో ఒక నిఘంటువు వేశాం," అంది ప్రూఫ్‌రీడరు. "బళ్ళో పిల్లలకి ఊరికే పంచిపెడదామని పదిమంది కలిసి సంకలనం చేశారు. ప్రూఫులు మొదట్నించీ చివరిదాకా నేనే చూశాను. ఒక్క అచ్చుతప్పు చూపించమను. ఓ పెద్ద పబ్లిషరు దాన్ని ఎత్తుకుపోయి, అట్ట మార్చి, బజార్లో పెట్టాడు. ఏ పిల్లల కోసమని చేశామో వాళ్ళే కొనుక్కోవాల్సి వచ్చింది. మాస్టారు లైసెన్సు రాసుకొచ్చిన రోజున నేనే కూచోబెట్టి ఈ వాక్యం పెట్టించాను. రెండో అర్థం రాకుండా రాశాను."

"మా లాయరుగారు కూడా అదే అన్నారు. చీమ దూరే సందు లేదని."

ఆవిడ మొహం మీద మెరిసీ మెరవని నవ్వొకటి వచ్చి పోయింది. కాగితాల కట్టని చీమలక్క వైపు నెట్టింది. "మాటలు తీసుకో తల్లీ. సంతోషంగా ఇస్తున్నాను. కానీ ఈ షరతు ఉంటేనే. ఇది లేకుండా నా మాటలు బయటికి పోవడానికి వీల్లేదు."

చీమలక్క వాదించలేదు. పక్కనే కూచుని, ఆవిడ దిద్దినవాటిలో మిగిలినవన్నీ ఎక్కించి, చెప్పులేసుకుంది. బస్సులో సుత్తికి సంగతి చెప్పింది.

"అయితే పీకేస్తున్నా, ఇవాళే మొదలెడుతున్నా," అన్నాడు వాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. వాడి జన్మలో అంతసేపు ఊరుకోవడం చీమలక్క ఎరగదు. "అక్కా, నిజం చెప్పనా? నేను చీమలోకి వచ్చిందే ఆ మాటలు చూసి. పీకబుద్ధి కావట్లేదు."

"రేపటిదాకా ఆగు. ఇంకోసారి వెళ్ళి చూస్తాను."

"వెళ్ళి ఏం చెప్తావు?"

"తెలియదు. 'జవాబు తేలేదు' అన్న మాటకి ఆవిడకి సరిగ్గా దణ్ణం కూడా పెట్టలేదు."

గురువారం ప్రూఫ్‌రీడరు గొలుసు సందులోంచి ఎవరని అడగలేదు. తలుపు ముందే తెరిచి ఉంది. చీమలక్క కూచోకముందే, "ఆ చెవిమిషన్ల పిల్ల నంబరు ఉందా నీ దగ్గర?" అంది.

ఫోను బల్లమీద పెట్టి ఇద్దరికీ వినిపించేలా చేసింది చీమలక్క. అవతల స్క్రూడ్రైవరు కింద పెట్టిన చప్పుడు, తర్వాత అలవాటుగా కాస్త గట్టిగా మాట్లాడే ఆడగొంతు. "చెప్పండమ్మా."

"ఆ లైసెన్సులో వాక్యం రాసింది నేను," అంది ప్రూఫ్‌రీడరు. "నాకొకటి చెప్పు. నువ్వు అడక్కుండా అమ్ముకుంటే ఎవరికైనా తెలిసేదా?"

"తెలిసేది కాదండీ. చిప్పు లోపల ఏముందో ఎవరు చూస్తారు?"

"మరి ఎందుకడిగావు?"

అవతలి గొంతు తడబడింది. ప్రశ్న అర్థం కానట్టుంది. "రాసి ఉంది కదండీ," అంది.

ప్రూఫ్‌రీడరు చెయ్యి స్కేలు మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

"ఎవరికి పెడుతున్నావమ్మా ఆ మిషన్లు?" అని అడిగింది.

"మొదటిది మా నాన్నకే పెట్టానండీ. మగ్గాల మిల్లులో చేసి చేసి చెవులు పోయాయి. ఇప్పుడు టీవీ సౌండు తగ్గించమని మమ్మల్నే కసురుతున్నారు. మిల్లులో ఆయనతో చేసినవాళ్ళంతా నాకు నాకూ అంటున్నారు. అందరికీ ఊరికే చేసివ్వాలంటే చిప్పులు కొనలేను. ఆసుపత్రి కొంటే చెయ్యగలను." కాస్త ఆగి, "వద్దంటే వద్దేలెండి. ఇంకో భాషలో మళ్ళీ మొదట్నించి రాస్తాను. మీరు మాట్లాడారు, అదే సంతోషం," అంది.

ఫోను పెట్టేశాక ప్రూఫ్‌రీడరు కిటికీలోంచి కింద రోడ్డు మీదికి చూస్తూ కూచుంది.

"ఆ వాక్యం ఎంతమంది చదివి ఉంటారంటావు?"

"చాలామంది చూసి ఉంటారండీ. మా ఇంటి నీళ్ళ మీటరు చేసినవాళ్ళు కూడా." చీమలక్క సోమవారం సంగతి చెప్పింది.

"చూడటం వేరు, చదవడం వేరు." ఆవిడ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. "నేను దొంగల కోసం రాశాను. వాళ్ళు చదవలేదు. ఇన్నాళ్ళకి ఒక్క మనిషి చదివింది. పోయి పోయి ఆ ఒక్కదానికే అడ్డం పడ్డాను."

లైసెన్సు కాగితం ముందుకి లాక్కుంది. వాక్యం మీద ఎడమ నుంచి కుడికి ఒకే గీత, వణక్కుండా గీసింది. మార్జిన్లో తొలగించమనే గుర్తు చుట్టింది. చీమలక్క నోరు తెరవబోయింది.

"థాంక్సులూ అవీ తర్వాత. ఒప్పుకోలు ఎక్కడ రాయాలి?"

"మీరు చెప్పండి, నేను టైపు చేస్తాను."

"నా వాక్యం నేనే రాస్తాను."

ఒప్పుకోళ్ళన్నీ అందరూ చూసేలా ఒకే పేజీలో వరుసగా ఉన్నాయి. 'సమ్మతమే', 'సరే', 'ఓకే' అని ఎవరి మాటలో వాళ్ళు. ప్రూఫ్‌రీడరు అన్నిటికీ అడుగున, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, రెండు వేళ్ళతో కొట్టింది. పంపేముందు స్కేలు తెచ్చి తెరకి ఆనించి చదువుకుంది.

"అమ్మకూడదన్న షరతు నేను పెట్టించినది. మంచికే అనుకున్నాను. ఇప్పుడు అది మంచివాళ్ళకే అడ్డు వస్తోంది కనుక తీసివెయ్యండి. చీమ చెప్పే మాటలు మాస్టారూ నేనూ మెట్లమీద కూచుని రాసుకున్నవి. ఇకమీదట ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చు. నన్ను కూడా అడిగినందుకు సంతోషం." కింద తన పూర్తి పేరు.

చీమలక్క కంపైలరు రాసినవాళ్ళ జాబితా తెరిచి, మాస్టారి పేరు కింద, మిగతా అందరికీ పైన, ఆ పేరు చేర్చింది. కొత్త లైసెన్సుని ఎక్కించింది. లాయరుకి, సుత్తికి, చెవిమిషన్లావిడకి కబురు పంపి, లాప్‌టాప్ మూయబోతే ప్రూఫ్‌రీడరు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండు, కింద ఏదో వచ్చింది."

ఆవిడ రాసిన మాటల కింద మొదటి జవాబు పడింది. ఎక్కడో లిఫ్టులు బాగుచేసే మనిషి: 'ఆ మాటలు మీవా అమ్మా?' ఆ వెంటనే ఇంకోటి, బళ్ళో లెక్కలు చెప్పే ఆయన. తర్వాత లాబులో ఏడుస్తూ కూచున్న రోజున తనకి ఏ వాక్యం వచ్చిందో రాసిన ఓ అమ్మాయి. సుత్తి మూడే మూడు మాటలు రాశాడు. చెవిమిషన్లావిడ రాసింది. వాళ్ళ నాన్న విడిగా రాశాడు, మాటల మధ్యలో ఖాళీలు లేకుండా. ఒకటి చదివేలోపు మరొకటి వస్తోంది.

ప్రూఫ్‌రీడరు కుర్చీ ముందుకి జరుపుకుంది. ఏటవాలు బల్లమీద ఎండ పలచబడేదాకా ఇద్దరూ పక్కపక్కన కూచుని చదివారు. చీమలక్క ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది, తర్వాతిది కూడా.

"చూశావా?" అంది ఆవిడ ఉన్నట్టుండి, తెర మీద వేలు పెట్టి. "కృతజ్ఞతలు. 'జ'కి 'ఞ' వత్తు రాయాలి. ఈయన 'ఙ' రాశాడు. ఇదిగో, ఈ అమ్మాయీ అంతే. ఈవిడా అంతే. ఇంతమందిలో ఒక్కరికీ ఈ మాట రాయడం రాలేదు."

"దిద్దే వీలుందండీ," అంది చీమలక్క. "నాకు అధికారం ఉంది. మార్చమంటారా?"

ప్రూఫ్‌రీడరు పెన్సిలు చేతిలోకి తీసుకుంది. తెర మీద వరసగా పేరుకుంటున్న ఆ తప్పుల్ని పైనుంచి కిందిదాకా మరోసారి, తొందర లేకుండా చదివింది. తర్వాత పెన్సిలుని బల్లమీద పడుకోబెట్టింది.

"వద్దు," అంది. "అలాగే ఉండనీ."